అద్దె వాటాలో రెయిలింగ్ ఊడి అతిథి పడ్డారు: ఓనరు పూచీ ఎంత?

ప్రశ్న: మా ఇంటి పై వాటా మూడేళ్లుగా ఒకే కుటుంబానికి అద్దెకిస్తున్నాం. ఏటా పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటాం. పోయిన నెల వాళ్లింటికి వచ్చిన చుట్టం ఒకాయన బాల్కనీలో ఫోన్ మాట్లాడుతూ రెయిలింగ్‌కు ఆనుకుంటే అది మొదలంటా ఊడింది. ఆయన కింద పడి చేయి విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. రెయిలింగ్ కదులుతోందని అద్దెకున్నాయన రెండు నెలల ముందే వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. ‘సరే, వెల్డర్‌ని పంపిస్తా’ అన్నాను గానీ కుదరలేదు. ఇప్పుడు ఆస్పత్రి ఖర్చంతా నన్నే పెట్టుకోమంటున్నారు. అగ్రిమెంటులో మాత్రం ‘పెద్ద రిపేర్లు ఓనరువి, చిన్నవి అద్దెదారువి, వాటాలో జరిగే ఏ ప్రమాదానికీ ఓనరుకు బాధ్యత లేదు’ అని ఉంది. పడ్డాయనెవరో నాకు తెలియనే తెలియదు. నేను కట్టాలా? పోలీసు కేసు అవుతుందా?

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, పూచీలో పెద్ద వాటా మీ మీదే పడే అవకాశం ఎక్కువ. అందుకు కారణం మీరు ఓనరు కావడం కాదు, ఆ వాట్సాప్ మెసేజ్, దానికి మీరిచ్చిన జవాబు.

ఇల్లు అద్దెకిచ్చాక లోపల జరిగే ప్రతి దెబ్బకూ ఓనరే పూచీ అనే సూత్రం మన చట్టంలో లేదు. తాళాలు అప్పగించాక వాటా అద్దెదారు స్వాధీనంలో ఉంటుంది. ఎవరు లోపలికి రావాలో, ఏది ఎక్కడ పెట్టాలో ఆయన ఇష్టం. బాత్‌రూములో సబ్బు నీళ్ల మీద జారిపడినా, అద్దెదారు తగిలించిన ఊయల కొక్కెం ఊడినా, ఆయన పెంచుకున్న కుక్క కరిచినా ఓనరును లాగడం కష్టం. కోర్టు వేసే ప్రశ్నలు మూడు. లోపం ఎవరి అదుపులో ఉంది? దాని సంగతి ఎవరికి తెలుసు? బాగుచేసే పని ఎవరు ఒప్పుకున్నారు? మీ విషయంలో మూడింటికీ జవాబు మీ వైపే చూపిస్తోంది.

అగ్రిమెంటు సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మీ ధైర్యమంతా ఆ ఒక్క వాక్యం మీదే ఉన్నట్టుంది. అగ్రిమెంటు మీకూ అద్దెదారుకూ మధ్య ఒప్పందం. పడ్డాయన అందులో సంతకం చేయలేదు, కాబట్టి ఆయన హక్కును అది తీసేయలేదు. ఆయన మీ మీద వేసేది అద్దె దావా కాదు, నిర్లక్ష్యం వల్ల కలిగిన గాయానికి నష్టపరిహారం దావా. పైగా అదే అగ్రిమెంటులో పెద్ద రిపేర్లు మీవని ఉంది. బాల్కనీ రెయిలింగ్ కట్టడంలో భాగం. కుళాయి వాషరుతోనో తలుపు గొళ్లెంతోనో కలిపి దాన్ని చిన్న రిపేరనడం కుదరదు. అంటే మీరు చూపించబోయే కాగితమే మీ బాధ్యతను రుజువు చేస్తుంది. ఓనరుకు బాధ్యత లేదన్న వాక్యం అద్దెదారుతో మీ లెక్కలు తేల్చుకునేటప్పుడు కొంత పనికి రావచ్చు. అక్కడ కూడా, లోపం తెలిసీ వదిలేసిన సందర్భంలో కోర్టు దానికి పెద్ద విలువ ఇస్తుందని ఆశ పెట్టుకోకండి.

అగ్రిమెంటులో రిపేర్ల ఊసే లేకపోతే ఏమిటన్నది చాలామందికి వచ్చే సందేహం. అప్పుడు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చూస్తారు. దాని ప్రకారం ఓనరు మొదటి బాధ్యత లోపం దాచకపోవడం. ఇల్లు వాడుకోవడానికి అడ్డొచ్చే ముఖ్యమైన లోపం ఓనరుకు తెలిసి ఉండి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, ముందే చెప్పాలి. గోడలో తడిసే వైరు, పైకి రంగేసి ఉన్నా లోపల తుప్పు తిన్న కడ్డీ, పైన రేకు మాత్రమే కప్పిన పాత సెప్టిక్ ట్యాంకు గొయ్యి ఇలాంటివే. అద్దెదారు వైపు నుంచి చూస్తే, మామూలు అరుగుదల పోను ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలో ఉంచాలి, తగిన వేళల్లో ఓనరును వచ్చి చూడనివ్వాలి, తన వల్ల జరిగిన నష్టాన్ని నోటీసు వచ్చిన మూడు నెలల్లో బాగుచేయించాలి. ఓనరు చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే అద్దెదారే చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో గానీ స్థానిక ఆనవాయితీలో గానీ వేరేగా లేనప్పుడే ఇదంతా వర్తిస్తుంది. ఓనరు ప్రతి రిపేరూ చేయించి తీరాలని మాత్రం ఈ సెక్షన్ చెప్పదు. మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కాబట్టి ఆ వాదన మీకు లేదు.

‘పడ్డాయన నాకు తెలియదు’ అన్నది పాతకాలంలో గట్టి వాదనే. 1906లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు కావలియర్ వర్సెస్ పోప్ అనే కేసు వచ్చింది. వంటింటి నేల బాగుచేస్తానని ఓనరు అద్దెదారైన భర్తకు మాటిచ్చి చేయలేదు, ఆ నేల విరిగి భార్యకు దెబ్బ తగిలింది. ఒప్పందం భర్తతోనే గనక భార్యకు పరిహారం రాదన్నారు. ఆ దేశం తర్వాత చట్టాలు చేసి, 1957లో ఒకసారి, 1972లో మరోసారి, ఈ అన్యాయాన్ని సరిదిద్దుకుంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు, మన కోర్టులు నిర్లక్ష్యం సూత్రాల మీదే నడుస్తాయి. బాల్కనీలోకి ఇంటికొచ్చినవాళ్లు వెళ్తారని, రెయిలింగ్‌కు ఆనుకుంటారని ఎవరైనా ఊహించగలరు. ఊడబోతోందని మీకు ఫొటోతో సహా తెలుసు. ఇవి రెండూ ఉండగా పాత ఇంగ్లీషు తీర్పును పట్టుకుని గట్టెక్కాలనుకోవడం నా లెక్కలో తెలివైన పని కాదు.

ఆయన బాల్కనీలోంచి పడటం కాక, ఊడిన రెయిలింగ్ ముక్క కింద రోడ్డు మీద నడిచేవాళ్ల నెత్తిన పడి ఉంటే మీ పరిస్థితి ఇంకా ఇరుకున పడేది. ఢిల్లీ చాందినీచౌక్ గడియార స్తంభం కూలి ముగ్గురు చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. దారి పక్కన ఉన్న కట్టడం శిథిలమై బాటసారికి హాని చేస్తే, లోపం నాకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు అని ఓనరు చెప్పినా చెల్లదు. ఆ స్తంభం వయసు దాదాపు ఎనభై ఏళ్లు. అందులో వాడిన సున్నం మన్నేది నలభై, నలభై అయిదేళ్లేనని సాక్ష్యం వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చేశాను అన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. 1951లో ఇంగ్లండులో రోడ్డు పక్క గోడ కూలి పిల్లవాడికి దెబ్బ తగిలితే, ఇంట్లో ఉన్నది అద్దెదారే అయినా ఓనరునే పూచీ చేశారు. అందుకే వీధి వైపు పిట్టగోడ, సజ్జ, వాటర్ ట్యాంకు దిమ్మె, ఏసీ స్టాండు, కాంపౌండు గోడ విషయంలో ‘నాకు చెప్పలేదు’ అనే మాటను మర్చిపోవాలి.

ఎవరి వాటాలోకీ రానివి మరికొన్ని ఉంటాయి: మెట్లు, మెట్ల మీద లైటు, మేడ, సంపు, మోటారు, మీటరు బోర్డు, గేటు. రెండు మూడు వాటాలకు ఉమ్మడిగా ఉన్నవన్నీ ఓనరు అదుపులో ఉన్నట్టే. అక్కడ ఫిర్యాదు కోసం చూడకుండా ఓనరే అప్పుడప్పుడు తనిఖీ చేసుకోవాలి. మూత సరిగ్గా లేని సంపులో పిల్లలు పడిన కేసులో తల్లి చూసుకోలేదని వాదించి నెగ్గడం చాలా కష్టం. సెప్టిక్ ట్యాంకు గురించి ఒక మాట, అడగకపోయినా. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించి శుభ్రం చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. దింపించింది అద్దెదారా ఓనరా అన్న వాదన మనిషి పోయాక ఎవరినీ కాపాడదు. మిషను బండినే పిలవాలి.

మళ్లీ మీ కేసుకు వద్దాం. పూచీలో అద్దెదారుకూ కొంత వాటా ఉంది. రెయిలింగ్ కదులుతోందని ఆయనకు తెలుసు, అయినా వచ్చిన చుట్టాన్ని బాల్కనీలోకి వెళ్లనిచ్చారు. హెచ్చరించారా? అడ్డంగా తాడైనా కట్టారా? లేదంటే మీ లాయరు ఆ పాయింటు తప్పక ఎత్తాలి. అయితే ఇద్దరి నిర్లక్ష్యం కలిసి ఒకరికి గాయమైనప్పుడు, గాయపడ్డవారు మొత్తాన్నీ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. వాటాలు మీరూ మీరూ తర్వాత తేల్చుకోవాలి. కాబట్టి సగం అద్దెదారుదని పడ్డాయనతో వాదించి లాభం లేదు. పడ్డాయన తప్పు మాత్రం నేరుగా పరిహారాన్ని తగ్గిస్తుంది. రెయిలింగ్ మీద కూర్చున్నారా, కదులుతోందని చెప్పినా ఆనుకున్నారా, మద్యం తాగి ఉన్నారా అన్నవి చూస్తారు. ఊరికే ఆనుకోవడం తప్పు కాదు, రెయిలింగ్ ఉన్నదే అందుకు.

పోలీసు కేసు విషయం. ఎముక విరిగితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం. నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయమైతే 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది బెయిలబుల్ నేరం. ఆస్పత్రి వాళ్లు మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి స్టేషనుకు కబురు పంపి ఉంటే, ఫిర్యాదు లేకపోయినా పోలీసులు వచ్చి అడగవచ్చు. భయపడి తిరగకుండా లాయరుతో కలిసి వెళ్లి వాంగ్మూలం ఇవ్వండి. క్రిమినల్ కేసులో నిర్లక్ష్యం మామూలుది కాదు, తీవ్రమైనదై ఉండాలని 2005లో సుప్రీంకోర్టు ఒక వైద్యుడి కేసులో చెప్పింది. రెండు నెలలు పట్టించుకోకపోవడం ఆ గీత దాటిందా లేదా అన్నది వాదించదగ్గ విషయమే. రాజీ కుదిరితే ఈ సెక్షన్ కింద కేసును కోర్టు అనుమతితో ముగించవచ్చు. మనిషి చనిపోయి 106వ సెక్షన్ కింద కేసయితే ఆ దారి ఉండదు.

ఇక ఈ వారంలోనే చేయాల్సినవి. చాలామంది ఓనర్లు చేసే మొదటి పొరపాటు, ప్రమాదం జరిగిన రాత్రే వెల్డర్‌ని పిలిపించి కొత్త రెయిలింగ్ బిగించేయడం. సాక్ష్యం చెరిపేసినట్టు కనిపిస్తుంది, కేసు ఉంటే అదే మరో నేరారోపణకు దారి తీస్తుంది. ముందు ఆ బాల్కనీ తలుపు మూయించి, అంచున గట్టి కర్రలు, ప్లైవుడ్ అడ్డం పెట్టించండి. ఊడిన చోట, రెయిలింగ్ ప్రతి నిలువు కాలు మొదట్లో, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫొటోలు తీయండి. విరిగిన ముక్కను పారేయకుండా, తుడవకుండా, రంగు వేయకుండా గోనెలో చుట్టి దాచండి. స్టేషనులో కేసు ఉంటే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా చెప్పి ఆపైనే బాగుచేయించండి. వాట్సాప్ చాట్ తీసేయకండి. మీరు తీసేసినా అవతలివారి ఫోనులో ఉంటుంది, మీ పేరు చెడటం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆ ఫోను మార్చకుండా ఉంచుకోండి. చాట్ ప్రింటు కోర్టులో చెల్లాలంటే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి.

రెండో పొరపాటు, కోపంలో అద్దెదారును ఖాళీ చేయమనడం, నీళ్లో కరెంటో ఆపడం. ఇవి ఇప్పుడు చేస్తే ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించారన్న ముద్ర పడుతుంది. మూడోది, మధ్యవర్తుల ముందు ‘తప్పంతా నాదే, ఎంతైనా ఇస్తా’ అనడం లేదా ‘నాకేం సంబంధం లేదు’ అని మొండికేయడం. రెండూ తర్వాత మీ మెడకే చుట్టుకుంటాయి.

ఆపరేషన్ ఖర్చులో కొంత ఇప్పుడే భరించడం మానవత్వంగానూ లెక్కగానూ మంచిదే. చేతికి నగదు ఇవ్వకుండా ఆస్పత్రి ఖాతాకు నేరుగా కట్టండి. ‘ఇరువర్గాల చట్టపరమైన హక్కులకు భంగం లేకుండా, తాత్కాలిక సాయంగా’ అని రాసిన ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బిల్లుల అసళ్లు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, నకళ్లు మీరు తీసుకోండి. అడిగిన మొత్తాన్ని గుండుగుత్తగా చూడకుండా విడదీయండి: ఆస్పత్రి బిల్లు, మందులు, రవాణా, తోడు మనిషి ఖర్చు, పనికి వెళ్లలేని రోజుల ఆదాయం, ప్లేటు తీసే రెండో ఆపరేషన్ అవసరమైతే దాని అంచనా, నొప్పికీ ఇబ్బందికీ ఇచ్చేది. ఆదాయానికి జీతం స్లిప్పు గానీ ఐటీ రిటర్ను గానీ, రెండో ఆపరేషన్‌కు డాక్టరు రాసిన చీటీ గానీ అడగడం మీ హక్కు. చేయి పూర్తిగా పనిచేస్తుందా, శాశ్వత లోపం ఉంటుందా అన్నది తేలకముందే తుది రాజీకి తొందరపడకండి. తర్వాత వైకల్యం బయటపడితే ఆ కాగితం చెల్లదంటూ మళ్లీ వస్తారు.

రాజీకి అన్నిటికన్నా గట్టి చోటు లోక్ అదాలత్. దావా వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడిచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో (అమలు చేయించుకోదగ్గ తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద పెద్దమనుషులు రాయించే ఒప్పందానికి ఆ బలం లేదు. గాయపడింది మైనరైతే మరీ జాగ్రత్త: దావా నడుస్తుండగా మైనరు తరఫున గార్డియన్ రాజీ పడాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు ప్రకారం కోర్టు అనుమతి తప్పనిసరి. అది లేని రాజీ ఎప్పుడైనా కదిలిపోవచ్చు.

గడువు కూడా తెలిసి ఉండాలి. గాయానికి పరిహారం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్లు ఉంటుంది. చనిపోయినప్పుడు కుటుంబం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేస్తే మరణం నుంచి రెండేళ్లు. మైనరైతే పెద్దయ్యాక లెక్క మొదలవుతుంది. నెల గడిచింది, ఎవరూ నోటీసివ్వలేదు కాబట్టి సద్దుమణిగిందనుకోకండి. లాయరు నోటీసు వస్తే అందులో ఇచ్చిన గడువులోపు జవాబివ్వండి. జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టేమీ కాదు, కానీ కోర్టులో మీరు తర్వాత చెప్పే కథకు బలం తగ్గుతుంది. ఇల్లు మీ ఇద్దరు దంపతుల పేర్ల మీద ఉంటే నోటీసు ఇద్దరికీ వస్తుంది, జవాబూ ఇద్దరి తరఫునా వెళ్లాలి.

ఇంటికి ఇన్సూరెన్స్ ఉందా చూడండి. భారత్ గృహ రక్ష వంటి పాలసీ ప్రధానంగా అగ్ని ప్రమాదం, తుపాను, వరద వంటివాటి వల్ల మీ కట్టడానికీ సామానుకూ జరిగే నష్టం చూస్తుంది. బయటివాళ్లకు గాయమైతే మీరు కట్టాల్సిన పరిహారానికి థర్డ్ పార్టీ లయబిలిటీ అనే కవరు వేరే ఉండాలి. ఉంటే కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి, వాళ్ల అనుమతి లేకుండా రాజీ పడకండి. ఆలస్యంగా చెప్పడం, ముందే ఒప్పేసుకోవడం, ఈ రెంటి వల్ల క్లెయిములు చిక్కుల్లో పడతాయి. కొత్తగా తీసుకునేవారు పాలసీలో ‘అద్దెకిచ్చిన ఇల్లు’ అని రాయించాలి.

అసలు రెయిలింగ్ ఎందుకు ఊడింది? మీ ఫొటోలో కాలు మొదట్లో ఎర్రటి చారలు ఉండే ఉంటాయి. ఎక్కువ ఇళ్లలో ఇనుప పైపు కాలును స్లాబు అంచులో గుంట చేసి సిమెంటుతో పాతేస్తారు. పైపుకూ సిమెంటుకూ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. బాల్కనీ కడిగిన నీళ్లు, వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి చుట్టూ సిమెంటును పగలగొడుతుంది, ఆ పగుళ్లలోకి ఇంకా నీళ్లు దిగుతాయి. పైపు బోలుగా ఉంటుంది కాబట్టి లోపలి నుంచి కూడా తింటుంది. పైన ఏటా వేసే రంగు అంతా కప్పేస్తుంది. ఒకరోజు చూడ్డానికి నిక్షేపంలా ఉన్న కాలు కాగితంలా చిరుగుతుంది. తుప్పు మీదే మళ్లీ వెల్డింగ్ పెడితే చుక్క చుట్టూ ఉన్న పల్చటి లోహం కాలిపోయి ముందుకన్నా బలహీనమవుతుంది. వెల్డర్‌ని పంపి ఉన్నా, ఆయన అంతే చేసి వెళ్తే మీ పూచీ పోయేది కాదు. పనికిరాని మరమ్మతు కూడా నిర్లక్ష్యమే.

కొత్తగా పెట్టించేటప్పుడు కాలు కింద బేస్ ప్లేటు వేయించి నాలుగు యాంకర్ బోల్టులతో బిగించమనండి. బోల్టు రంధ్రం స్లాబు అంచుకు మరీ దగ్గరగా వేస్తే కాంక్రీటు ముక్కగా విరిగిపోతుంది. అంచు పల్చగా ఉంటే కాళ్లను స్లాబు పక్క ముఖానికి కాక, వీలైనంత లోపలికి జరిపి బిగించాలి. రంధ్రంలో పొడి పూర్తిగా ఊదేయకుండా కెమికల్ యాంకర్ (బోల్టును పట్టి ఉంచే జిగురు) పోస్తే అది పట్టదు. కాలు చుట్టూ నీళ్లు నిలవకుండా వాలుగా పూత వేయించాలి. ఎత్తు నేల నుంచి మీటరుకు తగ్గకూడదు, చువ్వల మధ్య సందు పది సెంటీమీటర్లు మించకపోతే పిల్లల తల దూరదు. అడ్డ చువ్వలు వద్దు, పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు. బిగించాక ఛాతీ ఎత్తున రెండు చేతులతో క్రమంగా తోసి చూడండి. పైభాగం ఊగితే పని కాలేదు.

కరెంటు గురించి కూడా ఇదే సందర్భంలో చూసుకోండి, అద్దె ఇళ్లలో ప్రాణం తీసేవాటిలో అదీ ఒకటి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చు వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడటానికి 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉండాలి, దాని వైరింగ్ సరిగ్గా ఉండాలి, దానితోపాటు ఎర్తింగ్ కూడా ఉండాలి. దాని టెస్టు బటన్ నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే ఆ డబ్బా అలంకారానికే. గ్యాస్ గీజరు బాత్‌రూము లోపల బిగించి ఉంటే వెంటనే బయటికి మార్పించండి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా మనిషిని పడేస్తుంది. మీరు బిగించిచ్చిన గీజరైతే ఆ పూచీ మీదే.

అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఆ ‘బాధ్యత లేదు’ వాక్యం స్థానంలో ఇలాంటిది పెట్టించండి: ‘కట్టడం, రెయిలింగులు, మెట్లు, ప్రధాన వైరింగ్, పైపులైన్ల మరమ్మతు ఓనరుది. కుళాయిలు, స్విచ్చులు, గొళ్లేలు, అద్దాల మరమ్మతు అద్దెదారుది. ప్రమాదకరమైన లోపం కనిపిస్తే అద్దెదారు వెంటనే ఫోటోతో రాతపూర్వకంగా తెలియజేసి, బాగయ్యేవరకు ఆ భాగం వాడకూడదు, ఇతరులను వాడనివ్వకూడదు. ఓనరు రెండు రోజుల్లో చూసి, ఏడు రోజుల్లో బాగుచేయించాలి. చేయకపోతే అద్దెదారు చేయించి బిల్లు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒక రోజు ముందు చెప్పి ఓనరు ఆరు నెలలకోసారి తనిఖీ చేయవచ్చు.’ 2021 నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూల్‌లో ఇలాంటి పంపకమే ఉంది. ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది గానీ, రాసుకోవడానికి మంచి నమూనా. వాడకూడదన్న ఆ మధ్య వాక్యం మీ పాత అగ్రిమెంటులో ఉండి ఉంటే, పూచీలో అద్దెదారు వాటా ఈ పాటికి బాగా పెరిగేది.

చివరిగా ఒకటి. ఆ రెయిలింగ్ బిగించినవాళ్లే, అదే సమయంలో, మిగతా బాల్కనీలకూ మేడకూ బిగించి ఉంటే అవన్నీ ఇప్పుడే చూపించండి. ఒకటి ఊడింది కాబట్టి మిగతావాటి సంగతి నాకు తెలియదనే మాట ఇక మీకు లేదు. అనుభవమున్న సివిల్ ఇంజనీరుతో చూపించి, తేదీ వేసిన రిపోర్టు ఫైల్లో పెట్టుకుని, ఊగే ప్రతి కాలూ మార్పించేవరకు ఆ తలుపులకు తాళం వేయించండి.